వంత పాడినవారి జ్ఞాపకం

పాట రాసినవారిని గురించి మనం చాలా రాశాం. పాడినవారిని గురించి, ముఖ్యంగా వారు కన్నుమూసిన తరువాత, ఇంకా ఎక్కువ రాశాం. విన్నవారిని గురించి మాత్రం మన విమర్శలో చోటు బహు తక్కువ. ప్రజాకళ, ప్రజాకళ అని ఇంతగా మాట్లాడే మనం ఆ కళలో సగభాగమైన ప్రజలను వదిలిపెట్టి మిగిలిన సగాన్నే తూకం వేస్తూ వస్తున్నామన్నమాట. ఈ లోపం చిన్నది కాదని చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

2023 ఆగస్టు 6న గద్దర్ మరణించాడు. అప్పటినుంచీ నేరేడుచర్లలో, హుజూర్‌నగర్‌లో, మిర్యాలగూడలో నలుగురు కూడినచోటల్లా ఒక మాట వింటున్నాను: “నేను గద్దర్‌ను చూశాను.” ఈ మాట అనేటప్పుడు మనిషి కొంచెం నిటారుగా కూర్చుంటాడు. వయస్సులో పది పదిహేనేళ్లు తగ్గినట్టు కనబడతాడు. విన్నది ముప్పై, నలభై యేళ్ల కిందటి పాట. చెప్పేది మాత్రం నిన్న జరిగినట్టుగా చెబుతాడు. విమర్శకుడు ఈ మాటలను ఏం చేసుకోవాలి? ముసలివాళ్ల ముచ్చట్లని వినీ విననట్టు ఊరుకోవాలా? సాక్ష్యంగా స్వీకరించాలా? స్వీకరిస్తే, అవి దేనికి సాక్ష్యం?

ముందుగా కొంత పూర్వరంగం చెప్పుకోవాలి. 1943లో అఖిలభారత స్థాయిలో ప్రజానాట్య సంఘం ఏర్పడింది. తెలుగునేలమీద గరికపాటి రాజారావు నాయకత్వాన ప్రజానాట్యమండలి తలెత్తింది. నాజర్ బుర్రకథను కొత్త సంగతులకు వాహకం చేశాడు. సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన “మాభూమి” నాటకం తెలంగాణ రైతు పోరాటాన్ని ఆంధ్ర ప్రాంతపు ఊళ్లకు చేరవేసింది. దాన్ని నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది. ఇటు నల్లగొండ జిల్లాలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, యక్షగానం వంటి రూపాలను చేతబట్టాడు. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథతో గిరిజనులను కదిలించి 1969 డిసెంబరులో తుపాకీగుండ్లకు బలి అయినాడు. ఈ వరుసలోనే 1972లో జననాట్యమండలి పుట్టింది. గద్దర్, వంగపండు ప్రసాదరావు దాని పెద్ద గొంతులు. గద్దర్ బ్యాంకు ఉద్యోగాన్ని 1984లో వదిలేశాడు. 1985 జూలై 17న కారంచేడులో దళితులను ఊచకోత కోసిన తరువాత ఆ ఘోరాన్ని పాటగట్టి వినిపించాడు. ఆ యేడే అజ్ఞాతంలోకి పోయాడు. 1990లో ప్రభుత్వం ఆంక్షలు సడలించినప్పుడు తిరిగి బయటికి వచ్చాడు. ఆ ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో జననాట్యమండలి సభ జరిగింది. మా ప్రాంతంలో “చూశాను” అనేవారిలో ఎక్కువమంది చూశానని చెప్పేది ఆ సభనే.

ఇహ ఆ జ్ఞాపకాల సంగతి. నేను విన్నవాటిలో మూడింటిని పాఠకుల ముందు పెడతాను.

మొదటివాడు బియ్యం మిల్లులో హమాలీగా పనిచేసి ఇప్పుడు మానుకున్న పెద్దమనిషి. ఆయన అన్నాడు: “లారీ ఎక్కి పోయినం సార్. ఇసుకేస్తె రాలనంత జనం. మాకు గద్దరు సక్కగ కానరాలే. గొంగడి ఊగుతుంటె, ఆడ ఉన్నడని ఎరికైంది. మైకు మాటలు గాలికి పోతుండె. ముందలోళ్లు అందుకున్నదే మా దాక వచ్చేది. అప్పుడు మేం అందుకునేటోళ్లం.”

రెండవవాడు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. ఈయన జ్ఞాపకం తేదీలతో, పేర్లతో నిండి ఉంటుంది. గద్దర్ ఏ భుజంమీద గొంగడి వేసుకున్నదీ, ఏ చేత కర్ర పట్టుకున్నదీ చెబుతాడు. 1987లో సూర్యాపేట దగ్గర ఒక ఊళ్లో గద్దర్ పాడగా స్వయంగా విన్నానని కూడా చెబుతాడు. “మాభూమి” సినిమాలో గద్దర్ పాడిన పాటను గద్దరే రాశాడని వాదిస్తాడు.

మూడవ మనిషి నలభై యేళ్లు నాట్లు వేసిన ఒక అవ్వ. “చూశావా అవ్వా?” అని అడిగాను. “నేనేడ జూసిన బిడ్డా! మా ఇంటాయన పోయిండు. నేను పోతె గొడ్లకు గడ్డెవరేస్తరు? ఆయన పాట తెచ్చిండు. అగో, ఆ రాగం మాదే. నాట్లల్ల మేం పాడిందే. మాటలొక్కటే మారినయ్,” అన్నది.

పైపైన చూసేవారికి రెండవ సాక్షే గొప్ప సాక్షి. చదువుకున్నవాడు, వివరాలు తెలిసినవాడు. కాని నిలదీసి చూస్తే ముందుగా కూలిపోయే సాక్ష్యం ఆయనదే. 1987 నాటికి గద్దర్ అజ్ఞాతంలో ఉన్నాడు. ఊరి నడుమ బహిరంగంగా పాడే పరిస్థితి లేదు. ఆ సినిమా పాట తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. గౌతం ఘోష్ దర్శకత్వాన బి. నర్సింగరావు నిర్మించిన ఆ సినిమాలో గద్దర్ దానికి గొంతూ రూపమూ ఇచ్చాడు. అంతమాత్రాన ఆ ఉపాధ్యాయుడు అబద్ధమాడుతున్నాడా? కాదు. ఆయన విన్నాడు. 1987లోనే, ఆ ఊళ్లోనే విన్నాడు. పాడినవాడు గద్దర్ కాదు, అంతే. ఆ రోజుల్లో ఊరూరా గొంగడి కప్పుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, డప్పు కాచుకుని, చేతులు మారి వచ్చిన క్యాసెట్టులో విన్న పాటలు పాడిన పిల్లలు ఉన్నారు. వాళ్లలో చాలామంది పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. మూడు దశాబ్దాల తరువాత ఆ ఉపాధ్యాయుని జ్ఞాపకంలో ఆ పేరులేని పిల్లవాడి ముఖం చెరిగిపోయి దాని స్థానంలో గద్దర్ ముఖం వచ్చి కూర్చుంది.

ఇక్కడే మనకు మొదటి పాఠం దొరుకుతుంది. జ్ఞాపకం చేసే తప్పు కూడా సాక్ష్యమే. ఆ తప్పు వ్యాప్తికి సాక్ష్యం. ఒకడి పాట వందమంది గొంతుల్లోకి దిగిందని అది చెబుతోంది. అదే సమయాన అది ఒక నష్టానికి కూడా సాక్ష్యం. వందమంది పాడిన పాట మళ్లీ ఒక్కడి పాటగా కుంచించుకుపోయింది. బండి యాదగిరి పోయాడు, ఊరి పిల్లవాడు పోయాడు, డప్పు కొట్టినవాడు పోయాడు. ఫొటోలో ఉన్నవాడు ఒక్కడు మిగిలాడు. జమీందారీ చరిత్రలలో రాజుల పేర్లే మిగిలాయని ఎగతాళి చేసిన మనం, ప్రజాకళ చరిత్రను కూడా అదే పద్ధతిన రాసుకుంటున్నామేమోనని నా అనుమానం.

ఇది మన దేశానికే పరిమితమైన రోగం కాదు. అమెరికాలో బాబ్ డిలాన్ అనే గాయకుడు 1960ల తొలి సంవత్సరాల్లో ఒక్క గిటారుతో, నోటి వాద్యంతో జానపద బాణీల్లో నిరసన పాటలు పాడి యువజనులకు ఆరాధ్యుడైనాడు. 1965 జూలై 25న న్యూపోర్టు జానపదోత్సవంలో విద్యుత్ గిటారు పట్టుకుని వాద్యబృందంతో వచ్చాడు. జానపదాన్ని రాక్ సంగీతపు హోరుతో కలిపే ఆ పద్ధతికే ఫోక్ రాక్ అని పేరు. సభలో గోల లేచింది. ఎందుకు లేచింది? గాయకుడు ద్రోహం చేశాడని కొందరు శ్రోతల జ్ఞాపకం. మైకులు సరిగా లేక మాటలు వినబడలేదనీ, మరీ కొద్ది పాటలతో దిగిపోయాడనీ మరికొందరి జ్ఞాపకం. 1966 మే 17న మాంచెస్టరులో ఒక శ్రోత అతన్ని “యూదా!” అని కేక వేశాడు, ఏసును అప్పగించిన శిష్యుని పేరుతో. ఆ సభను రికార్డు చేసిన టేపు చాలా యేళ్లపాటు లండను రాయల్ ఆల్బర్ట్ హాలులోదిగా చెలామణి అయింది. జరిగిన ఊరే మారిపోయింది! మూడు దశాబ్దాల తరువాత ఆ కేక వేసింది నేనే అని చెప్పుకున్నవారు ఒక్కరు కాదు.

ఈ ఉదంతాన్ని కేవలం వినోదానికి చెప్పటంలేదు. అక్కడి శ్రోతల జగడమంతా గాయకుడు ఎవరి సొత్తు అన్నదాని చుట్టూ తిరిగింది. మేము ఎరిగిన డిలాన్, మాకు ద్రోహం చేసిన డిలాన్ — ఇది టికెట్టు కొని కుర్చీలో కూర్చున్న శ్రోత తగాదా. గద్దర్ విషయంలో మనమూ అదే తగాదాలో దిగుతున్నాం. అజ్ఞాతం నాటి గద్దర్ వేరు, 2018లో ఓటు వేసిన గద్దర్ వేరు; మొదటివాణ్ణి ఉంచుకుని రెండవవాణ్ణి వదిలేద్దామని కొందరు, ఇద్దర్నీ నెత్తికెత్తుకుందామని మరికొందరు. గాయకుని రాజకీయ పరిణామాన్ని విమర్శించవలసిందే; అందులో మొగమాటం అక్కరలేదు. అది జీవిత చరిత్రకారుడు, రాజకీయ విమర్శకుడు చెయ్యవలసిన పని. కళా విమర్శకుని ప్రశ్న దీనికి భిన్నం: ఆ పాట ఎట్లా పని చేసింది? ఎవరి శరీరంలో పని చేసింది?

ఈ ప్రశ్నకు జవాబు హమాలీ చెప్పిన నాలుగు మాటల్లో ఉంది. “ముందలోళ్లు అందుకున్నదే మా దాక వచ్చేది.” ఆయన గాయకుణ్ణి సరిగా చూడలేదు, మాటలు సరిగా వినలేదు. అయినా పాట ఆయనకు చేరింది. గాయకుని గొంతు నుంచి కాదు, తన ముందు నిలబడ్డ వరుస గొంతు నుంచి. ఆయన అందుకున్నది వెనుక వరుసకు చేరింది. ఆయన ఏకకాలంలో శ్రోత, గాయకుడు. ఈ స్థితి మన పాత కళారూపాల్లో అన్నిటా లేదు. బుర్రకథలో నడుమ కథకుడు తంబుర పట్టుకుని నిలబడతాడు; ఒక పక్క రాజకీయం చెప్పేవాడు, మరో పక్క హాస్యం చెప్పేవాడు వంతలుగా ఉంటారు. అంటే వంత పాడేవాళ్లు వేదికమీదే ఉన్నారు. జనం కింద కూర్చుని నవ్వుతారు, ఏడుస్తారు, ఉద్రేకపడతారు. పాడవలసిన పని వారికి లేదు. నాజర్ ప్రతిభ ఎంత మహత్తరమైనా ఆ రూపానికి ఆ హద్దు ఉన్నది. జననాట్యమండలి చేసిన పెద్ద పని, నా దృష్టిలో, వంతను వేదిక మీదినుంచి జనంలోకి దించటం.

ఇది ఎక్కడినుంచి నేర్చుకున్నది? అవ్వను అడగండి, చెబుతుంది. వరినాట్లలో స్త్రీలు వరుసగా వంగి నాటు వేస్తూ వెనక్కి అడుగు వేస్తారు. ఒకామె ఎత్తుకుంటుంది, మిగిలినవారు అందుకుంటారు. వంగిన నడుముకు దీర్ఘమైన పాదం పనికిరాదు, ఊపిరి చాలదు. కనుకనే పాదం చిన్నది, అందుకునే మాట ఇంకా చిన్నది. అక్కడ వినేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు అనే విభజన లేదు. పని చేసేవాళ్లంతా పాడేవాళ్లే. జననాట్యమండలి ఆ బాణీలను తీసుకుని మాటలు మార్చింది. బాణీతోపాటు ఆ శ్రమలోని సంబంధం కూడా వచ్చింది. మైదానంలో లక్షమంది ఉన్నా ఆ అమరిక పొలంలో పదిమంది అమరికే. అందుకే పాట కొత్తదైనా జనానికి కొత్త అనిపించలేదు. గద్దర్ భుజంమీది గొంగడి, కాలి గజ్జె, కర్ర కూడా ఎవరికీ విడ్డూరం కాలేదు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టుమీద రెండేళ్లకొకసారి లింగమంతుల జాతర చూసే జనానికి అవి ఇంటి వస్తువులు.

“ఇట్లా అయితే వ్యక్తి పాత్రను తక్కువ చేస్తున్నట్టు కాదా? అందరూ పాడినదే పాట అయితే గద్దర్ ఎందుకు?” అని కొందరు మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది. గద్దర్ గొప్పతనం గొంతులో కన్నా ఆగటంలో ఉంది. ఆయన పాట మధ్యలో ఆగుతాడు. మాట్లాడతాడు, ప్రశ్న వేస్తాడు, నవ్విస్తాడు, ఉన్నట్టుండి పాటలోకి వచ్చి మళ్లీ ఆగుతాడు. ఆ ఆగిన జాగాలోకి జనం వచ్చి పడతారు. చిన్న గాయకుడు ఆ జాగాను తానే నింపుకుంటాడు. పెద్ద గాయకుడు వదిలిపెడతాడు. ఈ వదలటం నేర్చుకోవలసిన విద్య. డప్పు కొట్టేవాడి చేతిలో సిర్ర, చిటికెన పుల్ల రెండూ ఆ ఆగే చోటు తెలిసి మెసలాలి. ఇది వ్యక్తి ప్రతిభే. కాని ఇతరులకు చోటివ్వటంలో వ్యక్తమయ్యే ప్రతిభ. దాన్ని పొగడటానికి విగ్రహం పనికిరాదు. విగ్రహం ఎవరికీ చోటివ్వదు.

విగ్రహాల ప్రస్తావన వచ్చింది కనుక మరొక మాట. గద్దర్‌కు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. తెలంగాణ ప్రభుత్వం సినిమా బహుమతులకు ఆయన పేరు పెట్టి 2025లో ప్రదానం చేసింది. గౌరవాన్ని తప్పుపట్టను. కాని “ఒరేయ్ రిక్షా” సినిమాలో పాటకు నంది బహుమతి వచ్చినప్పుడు ఆయన దాన్ని తీసుకోలేదన్న సంగతి కూడా ఆ పక్కనే రాసి ఉంచాలి. ఏ బహుమతిని కాదన్నాడో దాని స్థానంలో వచ్చిన బహుమతికి ఆయన పేరు! రాజ్యం కళాకారుణ్ణి ఎప్పుడూ గొంతుగానే సన్మానిస్తుంది, వంతను సన్మానించదు. ఎందుకంటే వంతకు పేరు లేదు, శాలువా కప్పటానికి భుజం లేదు. ఒకప్పుడు ఆ వంతకు భయపడే నిషేధాలు పెట్టింది.

భాష కూడా మనకు ఒక సంగతి చెబుతున్నది. “వంత పాడటం” అంటే నేడు నిందార్థమే మిగిలింది. పెద్దవాడు ఏమంటే అదే అనే తాబేదారును వంత పాడేవాడంటున్నాం. పొలంలో వంత అంటే బరువును పంచుకోవటం. దర్బారులో వంత అంటే తలూపటం. పొలం పలచబడి దర్బారు బలిసినప్పుడు మాటకు అర్థం మారింది. మన సభల్లో కూడా నేడు ఎక్కువగా కనబడేది ఈ రెండవ రకం వంతే. వేదికమీద వక్త నినాదం ఇస్తాడు, కింద చేతులు లేస్తాయి. దాన్ని చూసి జననాట్యమండలి వారసత్వం నిలిచి ఉన్నదని మురిసిపోవటం ఆత్మవంచన.

మన విమర్శ ఈ తేడాను పట్టుకోలేకపోయిందంటే దానికి కారణం ఉంది. పాటను అచ్చు పుస్తకంలో చదివి, వస్తువు ప్రగతిశీలమా కాదా అని తేల్చి, మార్కులు వేసి ఊరుకున్నాం. అచ్చులో మాటలుంటాయి; ఆగిన జాగా ఉండదు. క్యాసెట్టులో, ఫోనులో గొంతు ఉంటుంది. నిజాం కాలేజీ మైదానంలో వెనుక వరుస హమాలీ ఉండడు. ఆ జాగా, ఆ వరుస నేడు ఒక్కచోటనే ఉన్నాయి — ఆనాటి శ్రోతల జ్ఞాపకంలో. 1990లో ఇరవై యేళ్లవాడికి నేడు యాభై అయిదు దాటాయి. ప్రజానాట్యమండలి బుర్రకథను 1940లలో విన్నవారి జ్ఞాపకాలను మనం చాలావరకు పోగొట్టుకున్నాం. రెండవసారి అదే తప్పు చేస్తే క్షమార్హం కాదు.

అయితే జ్ఞాపకాలు పోగుచేసి బీరువాలో పెట్టటమే పరిష్కారమని నేననను. అవ్వ మాటల్లో చివరిది ఇంకా చెప్పలేదు. “ఇప్పుడు పాడుతున్నారా అవ్వా?” అని అడిగితే నవ్వింది. “ఎవరు పాడుతరు బిడ్డా? నాట్లకు బీహారోళ్లు వస్తున్నరు.”

ఇందులో దుఃఖమే వినవద్దు; ఒక ఆర్థిక సత్యాన్ని వినండి. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద ఈ ప్రాంతమంతా వరి అయింది, మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు లేచాయి. ఆ వరిలోనే మనం చెప్పుకునే బాణీలు కొత్త బలం పుంజుకున్నాయి. నేడు కోత మిషన్లు కోస్తున్నాయి. నాట్లకు బీహారు, ఉత్తరప్రదేశ్, పశ్చిమబెంగాలు నుంచి ముఠాలు వస్తున్నాయి. అవ్వ వరుస చెదిరింది. వరుస చెదిరినచోట వంత నిలవదు. “ఈనాటి యువకులకు పాటంటే శ్రద్ధ లేదు” అని నిట్టూర్చే పెద్దలు ఈ సంగతిని గమనించాలి. శ్రద్ధ తగ్గలేదు, పాటకు ఆధారమైన శ్రమ రూపం మారింది. పునాది మారగా పాత పాటను పాత మాదిరిగా పాడమనటం సంప్రదాయవాదులు చేసే పని.

కాని వరుస నిజంగా లేకుండా పోయిందా? నేరేడుచర్ల చుట్టుపక్కల పొలాల్లో నేడు కూడా వంగి నాటు వేసే మనుషులున్నారు. వారి భాష వేరు, అంతే. భోజ్‌పురి నాట స్త్రీలు నాట్ల వేళ పాడే పాటలకు “రోపనీ” పాటలని ప్రత్యేకమైన పేరే ఉంది. ఆ తల్లుల కొడుకులు మన గట్లమీద అన్నం తింటున్నారు. మన యువరచయితల్లో ఎంతమంది వెళ్లి వాళ్లు ఏం పాడుతున్నారో విన్నారు? జననాట్యమండలి వారు ఆనాడు అవ్వ దగ్గర కూర్చున్నారు కనుకనే ఆ పాట పుట్టింది. వారి పాటను మాత్రం తీసుకుని, వారు కూర్చున్న చోటును మరచిపోతే మనకు దక్కేది గొంగడి వేషమే.

అందుచేత విద్యార్థి మిత్రులకు, ఉపాధ్యాయ సోదరులకు నా మనవి ఇది. మీ ఊళ్లో “గద్దర్‌ను చూశాను” అనేవారి దగ్గరకు వెళ్లండి. ఎట్లా ఉన్నాడని అడక్కండి. ఆ ప్రశ్నకు అందరూ గొంగడి గురించే చెబుతారు. “నువ్వు ఎక్కడ అందుకున్నావు?” అని అడగండి. పక్కన ఎవరున్నారని, డప్పు ఎవరు కొట్టారని, ఊరికి తిరిగొచ్చాక ఎవరికి నేర్పారని అడగండి. చెప్పే తప్పులను కూడా రాసుకోండి. ఆ తరువాత పొలం గట్టుమీద కూర్చున్న కొత్తవాళ్ల దగ్గరకు వెళ్లి, భాష రాకపోయినా వినండి.

నేను ఆ హమాలీ పెద్దమనిషిని సెలవు అడిగి లేవబోతుంటే ఆయన ఆపాడు. ఏమీ మాట్లాడలేదు. అరచేత్తో మంచం పట్టెమీద నాలుగు దెబ్బలు వేసి ఆగాడు. నా ముఖంలోకి చూశాడు. తరువాతి మాట నేను అందుకోవాలి.